పద్నాలుగు మీద ఆగిన ముల్లు

నేను ఒక మీటరుని. గుండ్రటి ఇత్తడి డబ్బా, ముందు గాజు, లోపల తెల్లటి పళ్ళెం, దాని మీద సున్నా నుంచి ముప్పై దాకా అంకెలు, మధ్యలో ఒకే ఒక్క నల్ల ముల్లు. వెనక రెండు మూరల రబ్బరు గొట్టం. ఇంజను గాలిని ఎంత గట్టిగా పీలుస్తోందో కొలవడం నా పని. మెకానిక్కులు నన్ను వ్యాక్యూమ్ మీటరంటారు. ప్రస్తుతం కాకినాడలో భద్రం అనే మెకానిక్కు షెడ్డులో, గోడ మేకుకి వేలాడుతున్నాను. నా గొట్టంలో ఒక గాటుంది. బ్లేడుతో కోసింది. దాని సంగతే చెప్పబోతున్నాను. జాలిగుండె వాళ్ళు ఇక్కడే దిగిపోతే మంచిది.

ముందు నా విద్య కాస్త తెలియాలి. బండి నిలబడి ఇంజను తిరుగుతున్నప్పుడు కార్బొరేటరులో గాలి తలుపు దాదాపు మూసే ఉంటుంది. మూసిన తలుపు వెనక పిస్టన్లు గాలికోసం లాగుతాయి. ఆ లాగుడు నా గొట్టంలోంచి నాకు తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజనైతే నా ముల్లు పద్దెనిమిదికీ ఇరవైకీ మధ్య కదలకుండా నిలుస్తుంది. ఎక్కడో ప్యాకింగు పోయి దొంగగాలి దూరుతుంటే పద్నాలుగుకో పన్నెండుకో జారి అక్కడే కూర్చుంటుంది. వాల్వు కాలితే, ఆ వాల్వు వంతు వచ్చినప్పుడల్లా టక్కున పడి లేస్తుంది. పెట్రోలు పాళ్ళు తప్పితే అటూ ఇటూ మెల్లగా ఊగుతుంది. ఇంజను యజమాని ఎంతటివాడో, మెకానిక్కుకి ఎంత పేరుందో నా ముల్లుకి అక్కర్లేదు. జాలికి నా పళ్ళెం మీద అంకె లేదు.

నన్ను చేసింది సముద్రాలకి అవతల. ఒక ఓడల కంపెనీ దొర కారు డిక్కీలో పడి కాకినాడ రేవులో దిగాను. ఆ దొర దగ్గర సింహాద్రి అనే డ్రైవరు పదకొండేళ్ళు పనిచేశాడు. దొర స్వదేశానికి వెళ్ళిపోయే రోజున సింహాద్రి చేతిలో గుడ్డలో చుట్టిన గుండ్రటి వస్తువొకటి పెట్టి భుజం తట్టాడు. దొర బల్ల మీది గడియారం మీద సింహాద్రికి ఎన్నాళ్ళుగానో కన్ను. గుడ్డ విప్పకుండా ఇంటికి పరుగెత్తి, వీధి వీధంతా పిలిచి, పెళ్ళాం చేత హారతి పట్టించి మరీ విప్పాడు. ఒకటే ముల్లు. అదీ కదలదు. “ఇదేం గడియారం బాబూ, ముప్పై గంటలున్నాయి” అన్నాడు పక్కింటివాడు. సింహాద్రి బతికినన్నాళ్ళూ ఎదురుపడ్డవాడల్లా టైమెంతయిందని అడుగుతూనే ఉన్నాడు. చివరికి పాడె మోసినవాళ్ళలో కూడా ఒకడు అడిగాడట.

అయినా సింహాద్రి నన్ను పారెయ్యలేదు. మేకుతో నా వీపు మీద ‘సిం’ అని గీసుకున్నాడు. నా గొట్టం ఎక్కడ తగిలించాలో, ముల్లు ఏ రకంగా ఆడితే ఏ జబ్బో దొర చెయ్యగా చూసి అప్పటికే నేర్చుకుని ఉన్నాడు. అదంతా కొడుక్కి నేర్పి పోయాడు. ఆ కొడుకే భద్రం. పద్దెనిమిదేళ్ళు నిండగానే నన్ను సంచిలో వేసుకుని రాఘవులు మేస్త్రి షెడ్డులో చేరాడు.

రాఘవులు మేస్త్రిని ఊళ్ళో చెవి రాఘవులు అనేవారు. పాత కారు మలుపు తిరుగుతుండగానే, ఇంకా బండి కంటికి కనపడకముందే, “మూడో ప్లగ్గు సచ్చిపోయింది” అనేవాడు. చాలాసార్లు అదే అయ్యేది. కానప్పుడు ఎవరూ గుర్తు పెట్టుకునేవారు కాదు, పేరున్నవాళ్ళకి అదో వెసులుబాటు. జానెడున్నర స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి నొక్కి, కళ్ళు మూసుకునేవాడు. అప్పుడు షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. బానెట్టు తెరిచి ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడకూడదు. కారు యజమాని అయినా సరే. దగ్గినవాడి మీదికి స్పానరు ఎగిరొచ్చేది. ఒకసారి ఒక తాసిల్దారు తుమ్మితే బయటికి పంపించాడని చెప్పుకునేవారు. ఆ కట్టుబాటు మేస్త్రి పేరుని ఇంకా పెంచింది. మాటలాడనివ్వనివాడు మహానుభావుడని మనుషులకో నమ్మకం.

నేనంటే ఆయనకి చీదర. భద్రం నన్ను సంచిలోంచి తీసిన మొదటిరోజే, “మీటరెట్టి ఇంజను సూసేవోడు పంచాంగం సూసి ఆకలి తెలుసుకునే రకంరా” అన్నాడు. అందరూ నవ్వారు. భద్రమూ నవ్వాడు. కొత్తలో నవ్వక తప్పదు.

మూడేళ్ళకి ఆ రోజొచ్చింది. ఒక ప్లీడరుగారి పాత కారు, నిలబెడితే ఊగిపోతోందని తెచ్చారు. మేస్త్రి స్క్రూడ్రైవరు పెట్టి విని, “స్లో తగ్గింది” అని తేల్చి, బండి నిలబడ్డప్పటి ఇంజను వేగం పెంచే స్లో స్క్రూ రెండు చుట్లు బిగించాడు. ఇంజను జోరందుకుంది, ఊపు అణిగింది. మేస్త్రి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళగానే భద్రం నా గొట్టం తగిలించాడు. ముల్లు పద్దెనిమిది నుంచి నాలుగు గీతలు పడి లేస్తోంది, మళ్ళీ పడుతోంది, లెక్క తప్పకుండా. కాలిన వాల్వు. అంతకన్నా స్పష్టంగా నేను చెప్పలేను.

భద్రం నోరు జారాడు. బానెట్టు తెరిచే ఉంది, ప్లీడరుగారు అక్కడే ఉన్నారు. “గురూగారూ, వాల్వు కాలిపోయిందండి. స్లో పెంచితే ఊపు కప్పడిపోద్ది గానండి, జబ్బు పోదండి” అన్నాడు.

మేస్త్రి తువాలుతో చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చాడు. “ఏ సిలిండరు వాల్వురా?”

“తెల్దండి. మీటరు అది సెప్పదండి.”

“మీటరు సెప్పపోతే నీ సెయ్యి సెప్పుద్ది. ప్లగ్గు వైర్లు పీకు. ఒక్కోటీ. ఒట్టి సేత్తో.”

తిరుగుతున్న ఇంజను మీద ప్లగ్గు వైరు ఒట్టి చేత్తో పీకితే ఏమవుతుందో తెలిసినవాళ్ళకి తెలుసు. మొదటి వైరుకి భద్రం మోచెయ్యి దాకా ఎగిరింది. రెండోదానికి దవడ బిగుసుకుంది, నాలిక కొరుక్కున్నాడు. మూడోది పీకాడు. ఇంజను చప్పుడు ఇసుమంత కూడా మారలేదు. మంచి సిలిండరు వైరు పీకితే ఇంజను కుంటాలి. కుంటలేదంటే ఆ సిలిండరు ముందే చచ్చిందన్నమాట. అదే కాలిన వాల్వు. ఆ కాలంలో రాఘవులు చెవికి అది వినపడకపోవడమన్నది జరగదు. వినపడింది. ఆయన ఎడమ కనుబొమ్మ ఒక్కసారి లేచి దిగింది. నేను ఇంజను పక్కనే ఉన్నాను, చూశాను.

“నాలుగోది కూడా పీకు” అన్నాడు.

పీకించాడు. తర్వాత నన్ను గొట్టంతో సహా లాగి, పనికిరాని బేరింగులూ విరిగిన బోల్టులూ వేసే ఇనపడ్రమ్ములో పడేశాడు. ప్లీడరుగారు మేస్త్రికి నమస్కారం పెట్టి కారెక్కి వెళ్ళారు. నెల తిరక్కుండా, అన్నవరం ఘాట్ రోడ్డులో కుటుంబంతో ఉండగా ఆ కారు ఆగిపోయింది. తాడు కట్టి లాక్కొచ్చారు. మూడో సిలిండరు వాల్వు అంచు బిస్కత్తు కొరికినట్టు ఎగిరిపోయింది. “మా భద్రంగాడు వాల్వుల టాపెట్లు కెలికాడండి. ఆ రోజు మీరూ సూశారు గదా, ఆడి సెయ్యి బండిలోనే ఉంది” అన్నాడు మేస్త్రి. ప్లీడరుగారు నమ్మారు. ఊరు నమ్మింది. కాకినాడలో ఏ షెడ్డూ భద్రాన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. అతను రాయపూర్ వైపు లారీ షెడ్లకి వెళ్ళిపోయాడని డ్రమ్ములో ఉండగా విన్నాను.

డ్రమ్ములో పన్నెండేళ్ళున్నాను. చచ్చిన బేరింగుల మధ్య కాలం ఎలా గడుస్తుందని అడక్కండి. గడవదు. పైనుంచి ఇంకో చచ్చిన సామాను పడుతుంది, అంతే. రాఘవులు మేస్త్రి పీడకలలు కనాలని రోజూ కోరుకునేదాన్ని. నాకు మంచి మనసుందని నేనెక్కడా చెప్పలేదే.

నా కోరిక ఇంకోలా తీరింది. ఒక మధ్యాహ్నం మేస్త్రి స్క్రూడ్రైవరు చెవికి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. తీసి పిడి వంక చూశాడు. ఇంకో స్క్రూడ్రైవరు తెచ్చాడు. మర్నాడు బజారుకెళ్ళి అంతకంటే పొడుగుది కొన్నాడు. నలభై ఏళ్ళు సుత్తుల మధ్య, సైలెన్సరు లేని ఇంజన్ల మధ్య బతికిన చెవులు కొంచెం కొంచెంగా మూసుకుపోయాయి. ఆయన నిందంతా స్క్రూడ్రైవర్ల మీద వేశాడు. అలా మూడు స్క్రూడ్రైవర్లయ్యాక, పనివాళ్ళంతా భోజనాలకి వెళ్ళిన సమయం చూసి, ఇనపడ్రమ్ము నేల మీద బోర్లించాడు.

నన్ను చేతిలోకి తీసుకుని కిరసనాయిలు గుడ్డతో తుడిచాడు. వీపు మీది ‘సిం’ని బొటనవేలితో రుద్దాడు, చెరిగిపోతుందేమోనని. చెరగలేదు. “ఎవరికీ సెప్పకేం” అన్నాడు నాతో. ఆయన గొంతులో అంత వినయం నేనెప్పుడూ వినలేదు. చెవిటితనం బయటపడితే చెవి రాఘవులు లేడు. ఆయనకి చదువు లేదు, ఇంకో పని రాదు, పిల్లల్లేరు. భార్య పోయి అప్పటికే చాలా కాలం. ఆ పేరొక్కటే ఉంది. దాన్ని నా ముల్లు కొసకి వేలాడదీశాడు.

ఆయన వేసిన ఎత్తు మాత్రం మెచ్చుకోవాలి. నన్ను ఎర్ర బనియన్ గుడ్డలో చుట్టి, ముఖం మాత్రం కనపడేలా బ్యాటరీ పక్కన ఇరికించేవాడు. గొట్టాన్ని ఇంజను వెనక నుంచి తగిలించేవాడు. స్క్రూడ్రైవరు చెవికి నొక్కి, తల వంచి, కళ్ళు మూసుకున్నట్టు పెట్టేవాడు. కుడికన్ను మాత్రం చీలికంత తెరిచి ఉండేది, అది నన్ను చూసేది. ఎవరూ పలకరించేవారు కాదు, కట్టుబాటు ఉందిగా. బానెట్టు దించాక చెప్పాల్సిందంతా ఆయనే గబగబా చెప్పేసి, పనుందని లేచిపోయేవాడు. ఎదుటివాళ్ళు అడిగే సందు ఇచ్చేవాడు కాదు. పెద్దాయనకి తిక్క ఎక్కువైందనుకున్నారు గానీ చెవుడని ఎవరికీ తోచలేదు.

విచిత్రమేమిటంటే, చెవులు పోయాకే మేస్త్రి పని బాగుపడింది. మునుపు పదింట్లో మూడు తప్పులుండేవి. ఇప్పుడు తప్పన్నదే లేదు. పద్నాలుగు చూపిస్తే ప్యాకింగు మార్చేవాడు, టక్కున పడితే వాల్వు విప్పేవాడు, ఊగితే పెట్రోలు పాళ్ళు మార్చే మిక్చర్ స్క్రూ పావు చుట్టు తిప్పేవాడు. “వయసు మీద పడే కొద్దీ సెవి పదునెక్కుతోందండి మేస్త్రికి” అని ఊళ్ళో చెప్పుకున్నారు. ఆరేళ్ళపాటు ఊరి పొగడ్తలన్నీ నావి. దండలు మాత్రం ఆయన మెడలో పడ్డాయి.

పాత కార్లున్న పెద్దమనుషులు ఊళ్ళో ఒక సంఘం పెట్టుకున్నారు. దాని అధ్యక్షుడు సోమరాజుగారు, రొయ్యల చెరువుల ఆసామి, పదకొండు పాత కార్లు. ఏడాదికోసారి డిసెంబరు ఆదివారం పొద్దున్న మైదానంలో కార్లన్నీ వరసగా పెట్టి ఊరేగింపు తీసేవారు. ఊరేగింపులో ముందు నడిచే కారుకి ఒక పరీక్ష. ఇంజను తిరుగుతుండగా టాపెట్ కవరు, అంటే ఇంజను పైమూత మీద రూపాయి బిళ్ళని అంచు మీద నిలబెడతారు. వంద లెక్కపెట్టేదాకా పడకూడదు. బిళ్ళ నిలబెట్టే గౌరవం ప్రతి ఏడూ రాఘవులు మేస్త్రిదే.

ఆ ఏడు సోమరాజుగారు తన కార్లకి కొత్త మెకానిక్కుని పెట్టుకున్నారు. పద్దెనిమిదేళ్ళ తర్వాత తిరిగొచ్చిన భద్రం. జుట్టు నెరిసింది, ఆనాడు ప్లగ్గు వైర్లు పీకిన కుడి చూపుడువేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు. ఊరేగింపులో ముందు నడవబోయే కారుని, బిళ్ళ నిలబెట్టే మేస్త్రికి ముందుగా చూపించడానికి షెడ్డుకి వచ్చాడు. మేస్త్రి గుర్తుపట్టాడు. చిన్నగా తల ఊపి, బానెట్టు మీదికి వంగాడు. భద్రం కట్టుబాటు ప్రకారం నోరు మూసుకుని పక్కన నిలబడ్డాడు.

ఎర్రగుడ్డ అంచు జారింది. ‘సిం’ బయటపడింది.

తండ్రి చేతిరాత ఎవరికైనా తెలుస్తుంది. భద్రం ముఖంలో నేను రకరకాలవి ఎదురుచూశాను. ఏమీ కనపడలేదు. అతను మెల్లగా మేస్త్రి వెనక్కి నడిచి, రెండడుగుల దూరంలో నిలబడి, మామూలు గొంతుతో, “గురూగారూ, మీ వెనకాల తేలుందండి” అన్నాడు. మేస్త్రి కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా అన్నాడు. మేస్త్రి శ్రద్ధగా ఇంజను వింటూనే ఉన్నాడు. అప్పుడు భద్రం నవ్వాడు. ఆ నవ్వు చూశాక, డ్రమ్ములో నేను కోరుకున్న కోరికలన్నీ చిన్నపిల్లల కోరికలనిపించాయి.

ఆదివారం పొద్దున్న మైదానం నిండింది. సోమరాజుగారి నల్లకారు ముందు వరసలో ఉంది. మేస్త్రి ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. నేనున్న సంచి కారు మెట్టు మీద పెట్టాడు. భద్రం టీ గ్లాసు చూపించి, చేత్తో సైగ చేసి, సంచి తను చూసుకుంటానన్నట్టు ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. మేస్త్రికి ఆ మర్యాద నచ్చింది. భుజం తట్టి వెళ్ళాడు. ఆయన టీ తాగి వచ్చే లోపల భద్రం నన్ను తీసి, నా మెడకి బెత్తెడు దూరంలో గొట్టం అడుగున బ్లేడుతో అంగుళం పొడుగున కోసి, మళ్ళీ ఎర్రగుడ్డలో చుట్టాడు. నాకు నొప్పి తెలీలేదు. సిగ్గు తెలిసింది.

ఇంజను స్టార్టయింది. భద్రం ముందురోజంతా కూర్చుని సరిచేసిన ఇంజను, తిరుగుతోందో లేదో అన్నంత నెమ్మదిగా ఉంది. మేస్త్రి అరచెయ్యి టాపెట్ కవరు మీద పెట్టి సంతోషంగా తల ఊపాడు. నన్ను తగిలించాడు. గాటులోంచి గాలి దూరి సుయ్యిమని కూత మొదలైంది. మూడో వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా వినపడింది. ఇంజను వణకసాగింది. నా ముల్లు పద్నాలుగు మీద ఆగింది.

 మేస్త్రి నన్ను పీకి, ఇంజనులో నా గొట్టం దిగిన రంధ్రానికి బిరడా పెట్టాడు. ఇంజను మళ్ళీ నున్నగా తిరిగింది. ఆయన అరచెయ్యి కవరు మీదే ఉంది, వణుకు పోయిన సంగతి దానికి తెలిసింది. చెయ్యి వంక చూసుకున్నాడు, నా వంక చూశాడు. మళ్ళీ తగిలించాడు. పద్నాలుగు. మళ్ళీ బిరడా పెట్టాడు, చెయ్యి బాగుందంది. మళ్ళీ తగిలించాడు, నేను బాగాలేదన్నాను. ఆరేళ్ళుగా నేను తప్పు చెప్పలేదు. ఒకసారి ఒంట్లో ఒకటి మోసం చేశాక మిగతావాటి మీద కూడా నమ్మకం పోతుందనుకుంటాను. ఆయన నన్నే నమ్మాడు.

నాకు మాటుంటే ఆ క్షణం అరిచేదాన్ని. లీకు నాలోనే ఉందయ్యా, ఇంజను జోలికి పోకు, నీ చేతి మాట విను అని. ఇన్నేళ్ళ పగా అప్పుడు ఎటు పోయిందో తెలీదు. కానీ నేను కొలిచేదాన్ని, అంతే. నా దాకా వచ్చిన లాగుడు పద్నాలుగు. పద్నాలుగే చూపించాను.

మిక్చర్ స్క్రూ తిప్పాడు. ముల్లు పదిహేనుకి వచ్చింది. ఆశపడి ప్లగ్గుల్లో నిప్పురవ్వ పడే టైమింగు కదిపాడు. డిస్ట్రిబ్యూటరు వదులు చేసి అటు తిప్పి ఇటు తిప్పాడు. నా అంకె కోసం బాగున్న ఇంజనుని చేజేతులా చెడగొట్టాడు. స్క్రూడ్రైవరు చెవికి నొక్కి ప్యాకింగు అంచులన్నీ వెతికాడు. కూత ఆయన ముక్కుకి జానెడు దూరంలో ఎర్రగుడ్డలోంచి వస్తోంది. జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఒక పెద్దాయన చెప్పబోతే పక్కాయన మోకాలు నొక్కాడు. బానెట్టు తెరిచి ఉండగా మాట్లాడకూడదు కదా. ఆయన పెట్టిన కట్టుబాటే. రెండొందలమందీ భక్తిగా పాటించారు.

అరగంటయ్యాక మేస్త్రి ఇంజను ఆపించి కార్బొరేటరు విప్పడానికి స్పానరు పట్టుకున్నాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఇంత కూత ఈయనకి వినపడుతోందో లేదో తేల్చుకుందామని, ఆయన వెనక సోమరాజుగారు, పక్క కారు రబ్బరు బుడ్డి హారను పట్టుకుని, “పాంయ్” మని నొక్కారు. మేస్త్రి తిరగలేదు. ఇంకోసారి నొక్కారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని అందరూ అనేవాళ్ళే గానీ, ఆ రోజు కళ్ళారా చూశారు. ముందు పిల్లలు నవ్వారు, తర్వాత ఆడవాళ్ళు, తర్వాత మైదానం మొత్తం. మేస్త్రి తలెత్తాడు. ఇంతమంది నవ్వుతున్నారు, ఏదో సరదా అయి ఉంటుందనుకున్నాడు. తనూ నవ్వాడు. చేతులు జోడించి, అటూ ఇటూ తిరిగి, అందరికీ చూపిస్తూ నవ్వాడు. ఆయన నవ్వేకొద్దీ జనం ఇంకా నవ్వారు.

భద్రం ముందుకొచ్చాడు. కారు స్టార్టు చేయించి, ఎర్రగుడ్డ విప్పి, నన్ను పైకెత్తి జనానికి చూపించాడు. “సెవి రాఘవులు గారి సెవి ఇదండి!” అని కేక పెట్టాడు. గాటు మీద బొటనవేలు నొక్కాడు. కూత ఆగింది, నా ముల్లు పైకి లేచింది. వేలు తీశాడు, జారింది. మూడుసార్లు చూపించాడు. తర్వాత నన్ను పీకి, బిరడా పెట్టి, డిస్ట్రిబ్యూటరు తిప్పి, మిక్చర్ స్క్రూ సరిచేసి, రెండు నిమిషాల్లో ఇంజనుని మునుపటి దారికి తెచ్చాడు. కవరు మీద రూపాయి నిలబెట్టాడు. జనమంతా గొంతు కలిపి వంద లెక్కపెట్టారు.

మేస్త్రి అప్పటికి నవ్వు ఆపాడు. భద్రం చేతిలో నేనున్నాను, గొట్టంలో గాటు తెరుచుకుని ఉంది, జనం నోళ్ళు కదులుతున్నాయి. అర్థమయింది. సంచి తీసుకోలేదు. స్పానరు మెట్టు మీద జాగ్రత్తగా పెట్టి, కార్ల మధ్యనుంచి నడిచి వెళ్ళాడు. బయటికెళ్ళే దారిలో ఒక కారు హారను కొడుతూ ఆయన వెనకే వచ్చింది. తప్పుకోవాలని ఆయనకి తెలీదు. దానికీ నవ్వారు.

మర్నాటి నుంచి ఆ షెడ్డుకి ఒక్క బండి వెళ్ళలేదు. ఆరేళ్ళలో ఆయన బాగుచేసిన కార్లన్నీ ఊళ్ళో చక్కగా తిరుగుతూనే ఉన్నాయి. అయినా వాటి యజమానులే, చెవిటివాడి చేత చేయించుకున్నామా అని నొచ్చుకుని, మళ్ళీ భద్రానికి చూపించుకున్నారు. భద్రం ఒక్కొక్కదాని బానెట్టు తెరిచి చూశాడు. ఒక్కదాంట్లోనూ తప్పు దొరకలేదు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఏదో ఒక స్క్రూ ముట్టుకుని బానెట్టు దించేవాడు. ఆ విద్య గురువు దగ్గర నేర్చుకున్నదే.

నన్ను మాత్రం గోడకి తగిలించాడు. గొట్టం మార్చలేదు. వచ్చినవాళ్ళకి గాటు చూపించి కథ చెబుతాడు. వాళ్ళకి నవ్వొస్తుంది. నాకు మాత్రం ఒకటే తిరుగుతుంటుంది. నేను నిజం చెప్పిన రోజున ఆయన నన్ను చెత్తలో పారేశాడు. తప్పు చెప్పిన రోజున తన చేతిని కూడా కాదని నన్ను నమ్మాడు.

నాలుగు నెలల తర్వాత, ఒక ఉదయం పదింటికి, మేస్త్రి భద్రం షెడ్డుకి వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. చెప్పులు బయట వదిలి లోపలికొచ్చాడు, గుడికొచ్చినట్టు. గోడ మీద నన్ను చూశాడు. స్టూలు మీద కూర్చుని, భద్రం ముఖంలోకి, నోటి దగ్గర చూపు పెట్టి, చెవిటివాళ్ళకుండే ఎత్తు గొంతుతో అడిగాడు.

“ఆ యేళ ఇంజను బాగానే ఉంది గదరా భద్రం? సెయ్యి ఎట్టగానే బాగుందనిపించింది నాకు. ఆ ఒక్కటీ సెప్పు. నా సెయ్యి సరిగ్గానే సెప్పింది గదా?”

ఆయన ఇంకేమీ అడగలేదు. వాల్వు సంగతి ఎత్తలేదు, గాటు సంగతి ఎత్తలేదు, క్షమించమనలేదు, తిట్టలేదు. చెవి పోయింది, పేరు పోయింది. చెయ్యయినా మిగిలిందో లేదో తెలుసుకోవడానికి వచ్చాడు. భద్రం తల ఒక్కసారి ఊపితే చాలు.

భద్రం తల ఊపలేదు. చేతులు తుడుచుకుని, మేస్త్రికి వీపు పెట్టి, నేనున్న గోడవైపు తిరిగాడు. కళ్ళలో నీళ్ళున్నాయి. ఎవరికోసమో నేను చెప్పలేను, నేను అవి కొలవను. పెదాలు దాదాపు నా గాజుకి ఆనించి, నెమ్మదిగా అన్నాడు.

“బాగుందండి గురూగారూ. మీ సెయ్యి సరిగ్గానే సెప్పిందండి.”

ఆ మాట వినడానికి అక్కడ నేనొక్కదాన్నే ఉన్నాను. మేస్త్రి కాసేపు ఆ వీపు వంక చూసి, జవాబు లేదనుకుని, లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.